గేర్ బాక్స్ విప్పించే ముందు ఇవి చూసుకో తమ్ముడూ

నువ్వు రాసింది రెండు సార్లు చదివాను. మీ నాయన కొన్న 35 హెచ్‌పీ ట్రాక్టర్ బండి, 1997 మోడల్, ముందుకు 8 వెనక్కి 2 గేర్లు, డబుల్ క్లచ్. రెండో గేరు వేస్తే గరగరమంటోంది, రివర్స్ అయితే ఇంకా ఎక్కువ. పోయిన వారం తాడిపత్రి నుంచి బండల లోడుతో పామిడికి వస్తుంటే దిగుడులో మూడో గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లో పడింది. మెకానిక్ చూసి బాక్స్ మొత్తం విప్పాలి, గేర్లన్నీ మార్చాలి, లక్ష దాకా పట్టుకోమన్నాడు. విప్పించాలా వద్దా అని అడుగుతున్నావు.

ఇప్పుడే విప్పించొద్దు. కానీ దానికంటే ముందు ఒక మాట విను, ఈ రోజు నుంచే ఆ బండికి లోడు ట్రాలీ కట్టడం ఆపేయి. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు, లోడంతా వెనక నుంచి తోస్తుంటే బండిని పట్టి ఉంచేది గేరులో ఉన్న ఇంజనే. ఆ గేరు జారిందంటే ఇక మిగిలింది నీ కాలి కింద ఉన్న రెండు బ్రేకులు మాత్రమే, పాత బండిలో అవి ఎంత పట్టుతాయో నీకే తెలుసు. వేగం అందుకున్నాక మళ్లీ గేరు వేద్దామంటే ఈ బండ్లలో పడదు, గరగరమని బయటికి తంతుంది, ఆ పెనుగులాటలోనే మనిషి బ్రేకు సంగతి మరిచిపోతాడు. చేలో దున్నుకో, గుంటక తోలుకో, పర్వాలేదు. రోడ్డెక్కితే ఖాళీగానే ఎక్కు, రెండు బ్రేకు పెడళ్లను కలిపే పట్టీ వేసుకునే ఎక్కు. బాగయ్యాక కూడా, మిట్ట ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు. గువ్వలచెరువు ఘాట్‌లో డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో దిగే డ్రైవర్లను చూశాను, వాళ్లలో ఒకరి బండిని లోయలోంచి లాగడానికి నేనే వెళ్లాను, ఆ రోజు చూసినవి ఇక్కడ రాయలేను.

ఇక విషయానికి వస్తే, నువ్వు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు. గేరు పడేటప్పుడు గరగర అనడం ఒకటి, పడ్డ గేరు జారిపోవడం ఇంకొకటి. మీ మెకానిక్ రెండింటినీ కలిపి ఒకే మూట కట్టాడు. మొదటిది చాలాసార్లు గేర్ బాక్స్ తప్పు కానే కాదు, క్లచ్ తప్పు. రెండోది మాత్రం నిజంగా బాక్సులోదే, కానీ దానికీ గేర్లన్నీ మార్చాల్సిన పని రావడం అరుదు. నా అనుమానం ఏమిటంటే క్లచ్ సరిగా విడవక ఏళ్ల తరబడి గరగరలాడించి గేర్లు వేస్తూ వచ్చారు, ఆ దెబ్బలకు మూడో గేరు పళ్ల అంచులు, ఆ గేరును నెట్టే ఫోర్కు అరిగాయి. అదే నిజమైతే, క్లచ్ చూడకుండా కొత్త గేర్లు వేయిస్తే రెండు సీజన్లలో అవీ అలాగే అరుగుతాయి.

ఎందుకో చెప్తాను. కార్లలో ఉండే సింక్రో, అంటే గేరు పడే ముందు పళ్ల వేగాలను సమం చేసే ఏర్పాటు, మన పాత బండ్లలో ఉండదు. క్లచ్ తొక్కినా బాక్సు లోపల గేర్లను తిప్పే లే షాఫ్టు వెంటనే ఆగదు, ఊపు తగ్గేదాకా కొంచెంసేపు తిరుగుతూనే ఉంటుంది. తిరిగే పళ్లను ఆగిన పళ్ల మీదికి నెడితే గరగర తప్పదు. అందుకే పాత డ్రైవర్లు క్లచ్ తొక్కి, ఒక గుక్క ఆగి గేరు వేసేవాళ్లు.

కాబట్టి మొదటి పరీక్ష ఇంజను ఆపి చెయ్యి. బండి చదునైన చోట పెట్టు, చక్రాలకు రాళ్లు పెట్టు, ఇంజను ఆపి ఒక్కో గేరూ వేసి తియ్యి, హై లో (వేగం ఎక్కువ, తక్కువ మార్చే రెండో లివరు) రెండింటిలోనూ. పన్నుకు పన్ను ఎదురుపడి పడకపోతే బండిని కొంచెం ముందుకు వెనక్కి ఊపి మళ్లీ వెయ్యి. అన్ని గేర్లూ మెత్తగా పడుతున్నాయంటే గేరు లివరు, లోపలి కడ్డీలు, ఫోర్కులు మరీ వంగిపోలేదని అర్థం. ఏదైనా ఒక గేరు ఇంజను ఆపినా మొండికేస్తుంటే దాన్ని రాసి పెట్టుకో.

రెండోది, ఇంజను స్టార్ట్ చేసి స్లోలో పెట్టు. క్లచ్ అడుగుదాకా తొక్కి మనసులో పది లెక్కపెట్టు, తర్వాత మెల్లగా రివర్స్ వెయ్యి. గరగర లేకుండా పడిందా, అయితే క్లచ్ విడుస్తోంది, తొందర చేతిదే. పది లెక్కపెట్టినా గరగరమంటే, ఇంకా ముఖ్యంగా గేరు పడ్డాక పెడల్ కింద ఉండగానే బండి ముందుకో వెనక్కో పాకుతుంటే, క్లచ్ విడవడం లేదు. ఇక దీనికి తిరుగులేదు. చాలామంది ఈ ఒక్క పరీక్ష చేయకుండానే బండిని మధ్యలో, ఇంజను ఒకవైపు గేర్ బాక్స్ ఒకవైపుగా, విడదీస్తారు.

నాదీ అందులో ఒక తప్పు ఉంది, చెప్పుకుంటాను. షెడ్డు పెట్టిన కొత్తలో, ఇదే గరగర అని ఉరవకొండ వైపు నుంచి ఒక పెద్దాయన బండి తెచ్చాడు. గేర్ బాక్స్ దించాను, గేర్లు బాగానే ఉన్నాయి, అయినా రెండు గేర్లు, బేరింగులు మార్చి బిగించాను. బయటికి తీస్తే మళ్లీ అదే గరగర. ఆ రాత్రి టార్చి పట్టుకుని బండి కింద పడుకుంటే కనపడింది, క్లచ్ పెడల్ నుంచి లోపలికి పోయే రాడ్డు చివర పిన్ను సగానికి అరిగిపోయింది, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయింది. పెడల్ అడుగుదాకా పోతోంది కానీ ఆ కదలికలో సగం ఆ అరుగులోనే కరిగిపోతోంది. ఒక పిన్ను, ఒక బుష్షుతో పోయే పనికి ఆయన శెనక్కాయల డబ్బు ఖర్చు పెట్టించాను. కూలి తిరిగి ఇచ్చాను కానీ విత్తనం అదను తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి 31 ఏళ్లుగా ఏ బండి వచ్చినా ముందు కిందికే దూరి చూస్తాను.

నువ్వూ దూరి చూడు. మీ తమ్ముడిని సీటు మీద కూర్చోబెట్టి, ఇంజను ఆపేసి, పెడల్ మెల్లగా తొక్కమని చెప్పి నువ్వు కింది నుంచి ప్రతి అతుకునూ గమనించు. పెడల్ కదిలినా రాడ్డు కదలని చోటు ఎక్కడుందో అక్కడే అరుగుదల. తర్వాత పెడల్ ప్లే కొలువు, అంటే చేత్తో నొక్కితే బరువు తగిలే దాకా పెడల్ ఉత్తగా ఎంత దిగుతుందో. చాలా బండ్లకు 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉండాలి, నీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించు. ప్లే మరీ ఎక్కువుంటే క్లచ్ పూర్తిగా విడవదు, గరగర. అసలు లేకపోతే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్ల మీద, అంటే అది నొక్కే క్లచ్ మీటల మీద, ఆనుకునే ఉంటుంది, క్లచ్ జారుతుంది, ప్లేటు కాలుతుంది. పెడల్ మీద కాలు పెట్టి బండి తోలే అలవాటు ఉన్నవాళ్ల చేతిలో సరిగ్గా ఇదే జరుగుతుంది.

నీది డబుల్ క్లచ్ కాబట్టి ఇంకో సులువైన ఆనవాలు ఉంది. ఏ పనిముట్టూ తగిలించకుండా, దగ్గర ఎవరినీ నిలబడనివ్వకుండా, పీటీఓ (పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) వేసి చూడు. పెడల్ సగం తొక్కితే బండి ఆగాలి, పూర్తిగా తొక్కితే పీటీఓ కూడా ఆగాలి. పూర్తిగా తొక్కినా పీటీఓ ఆగట్లేదంటే పెడల్ కదలిక లోపలికి అందడం లేదు, రాడ్డు పిన్నులు, ప్లే చూడు. పీటీఓ చక్కగా ఆగి, గేరు మాత్రం గరగరమంటుంటే అనుమానం లోపలికి పోతుంది, వంగిన క్లచ్ ప్లేటు, తుప్పు పట్టి షాఫ్టు మీద జరగని ప్లేటు హబ్బు, ఎత్తు తేడా వచ్చిన ఫింగర్లు, లేదంటే బిగుసుకుపోయిన పైలట్ బేరింగ్, అంటే ఫ్లైవీల్ మధ్యలో షాఫ్టు కొనను పట్టి ఉంచేది. ఇది పక్కా రుజువు కాదు, ఎందుకంటే పీటీఓ క్లచ్ సెట్టింగు వేరుగా ఉంటుంది, అయినా దారి చూపిస్తుంది. వానాకాలమంతా బయట నిలబెట్టి ఆరు నెలల తర్వాత తీసిన బండి అయితే తుప్పు ప్లేటునే ముందు అనుమానిస్తాను.

ఇప్పుడు శబ్దాలు. ఇంజను స్లోలో, బండి న్యూట్రల్‌లో పెట్టి చెవి ఒగ్గు. పొడుగాటి స్క్రూ డ్రైవరు మొన హౌసింగ్ మీద, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనించి వింటే లోపల ఏ బేరింగ్ అరుస్తోందో తెలుస్తుంది, తిరిగే ఫ్యాను బెల్టుకు తువ్వాలు తగలకుండా మాత్రం చూసుకో. క్లచ్ వదిలి ఉన్నప్పుడు గుర్రుమని, తొక్కగానే ఆగిపోతే అది గేర్ బాక్స్ ముందు బేరింగులు, ఇన్‌పుట్ షాఫ్టుదో లే షాఫ్టుదో. దానికి తలకిందులుగా, తొక్కినప్పుడే అరుస్తుంటే రిలీజ్ బేరింగో పైలట్ బేరింగో. ఈ రెండింటి మధ్య తేడా పట్టడానికి పెడల్‌ను ఒక వేలు బరువు తగిలేంత మాత్రమే నొక్కు, అంత మాత్రానికే కిర్రుమంటే రిలీజ్ బేరింగ్. పూర్తిగా తొక్కి, గేరులో వేసి ఆపి ఉంచినప్పుడు మాత్రమే అరిస్తే పైలట్, ఎందుకంటే అప్పుడే ఫ్లైవీల్ తిరుగుతూ లోపలి షాఫ్టు నిలబడి ఉంటుంది.

క్లచ్ హౌసింగ్ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటుంది, లేదా ప్లగ్గు ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం లోపల ఏం జరుగుతోందో ఆ చుక్కే చెప్తుంది. అక్కడ నల్లగా పలచగా కారుతుంటే ఇంజను వెనక సీలు పోయింది. చిక్కగా, గేరు ఆయిల్ వాసనతో కారుతుంటే బాక్స్ ఇన్‌పుట్ సీలు. ఏదైనా సరే ఆ నూనె క్లచ్ ప్లేటు మీద పడుతోందన్నమాటే. రంధ్రం మట్టితో పూడిపోయి ఉంటే పొడిచి శుభ్రం చెయ్యి. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద మడి దున్నుతావని రాశావు కదా, ప్లగ్గు ఉన్న బండి అయితే దమ్ము చేసేటప్పుడు బిగించు, పని అయ్యాక తీసి నీళ్లు వదిలెయ్యి.

ఇప్పుడు జారే గేరు సంగతి. ముందు ఈ ప్రశ్నకు జవాబు కావాలి, ఆ రోజు దిగుడులో జారింది మూడో గేరు లివరా, హై లో లివరా? రెంటిలో ఏది న్యూట్రల్‌లోకి వచ్చిందో గుర్తు తెచ్చుకో. హై లో లివరు జారితే వెతకాల్సిన చోటే వేరు, అది బాక్స్ వెనక భాగం. ఏ లివరూ కదలకుండానే పట్టు పోయిందంటే అది గేరు జారడం కాదు, క్లచ్ జారడమో, లోపల ఫోర్కు పిన్ను విరగడమో. క్లచ్ జారడాన్ని తేల్చడం సులువు. ఎదురుగా ఎవరూ లేని చోట, హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, రెండు బ్రేకులూ తొక్కి, హైలో నాలుగో గేరు వేసి క్లచ్ వదులు. ఇంజను టక్కున ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతోంది, వెంటనే పెడల్ తొక్కెయ్యి, రెండు సెకన్ల కంటే ఎక్కువ పెడితే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

మూడో గేరు లివరే జారిందని ఖాయమైతే అనుమానితులు నలుగురు. గేరు కడ్డీని పడ్డ చోట పట్టి ఉంచే గోళీ, దాని వెనక స్ప్రింగు. కడ్డీ మీద గోళీ కూర్చునే గాడి. గేరును నెట్టే ఫోర్కు. గేరు పళ్లు. పళ్లు చివర్లలో అరిగి ఏటవాలుగా అయితే బరువు పడ్డప్పుడల్లా అవి ఒకదాన్నొకటి బయటికి తోసుకుంటాయి. పన్నుకు రెండు ముఖాలు ఉంటాయి, లాగేటప్పుడు ఒక ముఖం మీద బరువు, దిగుడులో రెండో ముఖం మీద. నీది దిగుడులోనే జారుతోంది, చేలో మడక లాగేటప్పుడు జారట్లేదంటున్నావు, అంటే పన్ను ఒక ముఖమే అరిగి ఉండొచ్చు, లేదా స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు. లాగేటప్పుడూ దిగేటప్పుడూ రెండు వైపులా జారితే ఫోర్కును ముందు చూసేవాణ్ని. షాఫ్టు బేరింగ్ అరిగి షాఫ్టు ముందుకు వెనక్కి ఆడుతున్నా గేరు నిలవదు, గేరు బిగిసి ఉన్నప్పుడు లివరు పిడి వణుకుతూ ముందుకు వెనక్కి కొట్టుకుంటుంటే అది దాని గుర్తు.

ఇంకో చిన్న పని. లివరు కదిలే దారిలో ఒక అట్టముక్క పెట్టి, రెండో గేరులో లివరు ఎంత దూరం పోతోందో, మూడో గేరులో ఎంత పోతోందో పెన్సిలుతో గీసుకో. మూడోది బాగా తక్కువ దూరం పోతుంటే గేరు సగమే పడుతోంది. లివరు కింది గుండు అరిగి ఉంటుంది, ఫోర్కు వంగి ఉంటుంది, లేదా, నవ్వకుండా చూడు, సీటు పక్కన పెట్టిన టూల్ బాక్సో ఫుట్‌బోర్డు మీద మ్యాటో లివరుకు అడ్డం తగులుతుంటుంది. ఇలాంటివి రెండు బండ్లు చూశాను.

ఈ నలుగురు అనుమానితుల్లో గోళీ, స్ప్రింగు, గాడి, ఫోర్కు, వీటిని చూడటానికి బండిని మధ్యలో విడదీయాల్సిన పనే లేదు, పై కవరు ఎత్తితే చాలు. కొన్ని బండ్లలో బయటి బోల్టు ఒకటి విప్పితేనే గోళీ స్ప్రింగు చేతికి వస్తాయి. కొన్నిటిలో స్టీరింగ్ బాక్స్ అదే కవరు మీద కూర్చుంటుంది, అప్పుడు పని పెరుగుతుంది, అయినా పూర్తిగా విడదీయడం కంటే తక్కువే. ఎత్తాక స్ప్రింగులన్నీ పక్కపక్కన నిలబెట్టు, ఏది పొట్టిగా ఉందో అదే నీరసించింది, అయినా మార్చేటప్పుడు అన్నీ మార్చు, వాటి ఖరీదు ఒక పూట కూలి కూడా ఉండదు. తర్వాత టార్చి వేసి, చక్రం మెల్లగా తిప్పిస్తూ మూడో గేరు పళ్లు ఒక్కొక్కటే చూడు, ఫోనుతో ఫొటోలు తీసుకో. అప్పుడు మెకానిక్ ఏది మార్చాలన్నా నీ కళ్లతో నువ్వు చూసే ఒప్పుకుంటావు.

నూనె. ఇది ముందే రాయాల్సింది, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. రాత్రంతా బండి కదలకుండా చదును మీద నిలబెట్టి, వెనక పనిముట్లను ఎత్తే లిఫ్టు కిందికి దించి, పొద్దున్నే డిప్‌స్టిక్ చూడు. తర్వాత డ్రెయిన్ ప్లగ్గు కొంచెం వదులు చేసి ఒక స్టీలు గ్లాసుడు నూనె పట్టు. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, మడిలో దమ్ము చేసినప్పుడో, గేరు లివరు కింది రబ్బరు చినిగి వాన నీళ్లు దిగో. మాడు వాసనతో నల్లగా ఉంటే ఏళ్లుగా మార్చలేదు. గ్లాసు అడుగున తేరిన దాన్ని వేళ్ల మధ్య నలుపు, అయస్కాంతం ఆడించు. బూడిదలాంటి మెత్తటి పొడి ఏ పాత బండిలోనైనా ఉంటుంది, దానికి టెన్షన్ పడకు. వేలికి గుచ్చుకునే రేకులు, మెరిసే పొలుసులు ఉంటే బేరింగో గేరో రాలుతోంది. ఒక మూల, ఒక అంచు ఉన్న ముక్క దొరికితే పన్ను విరిగింది, ఆ బండిని ఇక ఒక్క గజం కూడా నడపొద్దు, ఆ ముక్క ఇంకో రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటే హౌసింగ్ పగులుతుంది. అయస్కాంతానికి అంటని పసుపు రేకులైతే బుష్షులు.

బాక్స్‌కీ లిఫ్టుకీ ఒకటే నూనె వాడే బండ్లు చాలా ఉన్నాయి. నీ లిఫ్టు కూడా ఈ మధ్య వణుకుతూ లేస్తోందా? అయితే నూనె తగ్గిందనో, పాడైందనో రెండో సాక్ష్యం దొరికినట్టే. దానికి పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉందో అదే పోయించు. ఇంజనులోంచి తీసిన పాత నూనె మిగిలిందని బాక్సులో పోసేవాళ్లు మన దగ్గర ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. బాక్స్ పైన గాలి పోయే బ్రీదరు మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి సీళ్లు కారతాయి, దాన్నీ ఊది శుభ్రం చెయ్యి.

వెనక భాగం నీకు సమస్య లేదు కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ఏ గేరులోనైనా ఒకేలా అరిచి, బండి వేగంతో పాటు పెరిగే శబ్దం క్రౌన్ పినియన్‌ది, అంటే బాక్స్ తిప్పుడును వెనక చక్రాల వైపు మళ్లించే గేర్ల జతది. తిరిగే మలుపులో మాత్రమే వచ్చేది డిఫరెన్షియల్ లోపలి చిన్న పినియన్లది. చక్రం చుట్టుకొకసారి టక్కుమంటే వెనక పెద్ద గేరులో పన్ను పోయి ఉంటుంది. క్రౌన్, పినియన్ జతగా మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తానన్నవాడికి బండి ఇవ్వొద్దు.

ఇవన్నీ చూశాక కూడా విడదీయక తప్పదని తేలితే, అప్పుడు భయపడకు, చేయించు. ఒకసారి విడదీశాక రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఇన్‌పుట్ సీలు, ఈ మూడూ పాతవి బాగున్నా సరే కొత్తవే వేయించు, ఇంకో ఏడాదికి వాటి కోసం మళ్లీ అదే కూలి పెట్టడం దండగ. విడదీయక మునుపే, ముందు చక్రాల యాక్సిల్‌కు రెండు వైపులా చెక్క మొద్దులు దిగ్గొట్టారో లేదో నువ్వే చూడు, లేకపోతే ఇంజను పక్కకు ఒరుగుతుంది, కింద మనుషులుంటారు. ఆషాఢం గాలిలో చెట్టు కింద విప్పించొద్దు, ఆ దుమ్ము కొత్త బేరింగుల్లోకి పోతుంది. తీసిన పాత సామానంతా గోనెసంచిలో నీకే ఇవ్వమను.

పామిడి నుంచి గార్లదిన్నె ఎంత దూరం నీకు, అదే జాతీయ రహదారి మీద. అక్కడ కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, ట్రాక్టర్ వాడకం, నిర్వహణ మీద రైతులకు శిక్షణ ఇస్తారు. మీ తమ్ముడికి సేద్యం తీరిక దొరికినప్పుడు పంపించు. నా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకడు అక్కడ నేర్చుకుని వచ్చాడు, క్లచ్ ఫింగర్లు సెట్ చేయడంలో ఇప్పుడు నాకంటే వాడి చెయ్యే నమ్మకం.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, రేపు పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా గ్లాసుడు నూనె పట్టి ఫొటో తియ్యి, పెడల్ ప్లే కొలిచి మిల్లీమీటర్లలో రాయి, పది లెక్కపెట్టి రివర్స్ వేసినప్పుడు ఏం జరిగిందో రాయి, ఆ రోజు జారింది ఏ లివరో రాయి. ఈ నాలుగూ తెలిస్తే నీ బండికి పై కవరు ఎత్తాలా, క్లచ్ రాడ్డు పిన్ను మారిస్తే సరిపోతుందా, నిజంగానే విడదీయాలా అన్నది నేను చెప్పగలను. అప్పటిదాకా మెకానిక్‌కు అడ్వాన్సు ఇవ్వకు.